పెర్ల్ వద్దని రాసింది నేనే

జూన్ 3, మంగళవారం
బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో మీటింగ్. మిషన్లు రాసిపెట్టే లెక్కలన్నీ చదివి పొద్దున్నే రిపోర్ట్ చేసిపెట్టే ప్రోగ్రామ్. నేనూ, నాతో పనిచేసే ఓబులేసూ పద్దెనిమిదేండ్ల కిందట పెర్ల్ అనే కంప్యూటర్ లాంగ్వేజ్‌లో రాసింది. దాన్ని ఉంచాలా, పైథాన్‌లో కొత్తగా రాయించాలా... ఇదే గొడవ. కొత్త మేనేజర్ కిరణ్ నన్నే అడిగినాడు. "ఈ లాంగ్వేజ్ ఇప్పుడెవరు నేర్చుకుంటారు మేడమ్? మీకైనా ఇందులో రాయడం ఇష్టమేనా?"
అందరూ నా మొహమే చూస్తాండారు. అంతా నా కూతురి వయసోళ్ళు. "ఇష్టమేముందప్పా, అలవాటు" అనేసినా. ముసిల్ది అనుకుంటారని. అంతకంటే ఏం లేదు.

జూన్ 4
ఉంచాలా, తీసెయ్యాలా — ఎల్లుండికి రాసియ్యాలంట. సంతకం నాది. పెర్ల్ పోతే ఓబులేసు ఉద్యోగమూ పోతాది. ఆయప్పకు వేరేది రాదు. నేను జావా లాంగ్వేజ్ నేర్చుకొని ఎప్పుడో పక్కకు జరిగినా. "నువ్వు దీన్ని చూసుకో ఓబులేసూ, ఎవరో ఒకరుండాల కదా" అని ఆయప్పను అక్కడే కూర్చోబెట్టింది నేనే.

జూన్ 5
తప్పులు వెతుకుదామని ప్రోగ్రామ్ తెరిచినా. మధ్య మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో మా తెలుగు మాటలు. "ఇక్కడ చెయ్యి పెట్టొద్దు, రాసిన నాకే అర్థం కాలేదు" — నాది. దాని కింద ఓబులేసు: "నాకు అర్థమైందక్కా. అయినా చెయ్యి పెట్టను." ఒక్కదాన్నే నవ్వుకున్నా.
సుమ్నే, ఊరికే చూద్దామని ఆరు లైన్లను ఒక లైను చేసినా. నడిచింది. ఇంకోచోట... అదీ నడిచింది. తలెత్తి గడియారం చూస్తే మూడు. టిఫిన్ బాక్సు మూత తియ్యనేలేదు. ఇట్లా పని చేసి ఎన్నేండ్లయిందో.
ఇష్టమే. చానా ఇష్టం. మంగళవారం ఆ మాట నోట్లోంచి ఎందుకు రాలేదో.

జూన్ 6
పంపించినా. "తీసెయ్యొచ్చు" అనే రాసినా. కొత్తోళ్ళకు చదవను రాదు — నిజమే. మేమిద్దరం లేకుంటే చూసే దిక్కు లేదు — అదీ నిజమే. ఇన్నేండ్లలో ఒక్క పొద్దు కూడా రిపోర్ట్ ఆగలేదని మాత్రం రాయలేదు. మొన్న ఒకమాట అని ఈరోజు ఇంకోమాట అంటే కిరణ్ ఏమనుకుంటాడో అని. సిగ్గులేనిదాన్ని.

జూన్ 9
ఓబులేసు కాఫీ తెచ్చిచ్చినాడు. తాగలేకపోతి.

జూన్ 10, మంగళవారం
కంపెనీ బస్సు. ఓబులేసు హెబ్బగోడిలో ఎక్కి నా పక్కనే కూర్చున్నాడు. "మీటింగులో నా సంగతి ఏమన్నా వచ్చిందా అక్కా?"
"వచ్చిందప్పా. మాట్లాడినా."
అంతే అన్నా. తీసెయ్యమని రాసింది నేనేనని చెప్పలేదు.
వెంటనే ఫోన్ తీసి పెండ్లానికి చేసినాడు. "అక్క మాట్లాడిందంట. ఇంక భయం లేదులే. పాపకు చెప్పు." నవ్వుతా నా పక్క తిరిగి ఫోన్ చేతికిచ్చినాడు. "మీతో మాట్లాడుతాదంట అక్కా..."