వలల కొట్టులో ఏడు కుక్కలు

మా జోన్ పశువైద్యాధికారి వారి సముఖమునకు,
జాలరిపేట వాస్తవ్యుడు సూరాడ దేవీప్రసాద్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: జాలరిపేటలో మా వలల కొట్టులో మూసి ఉంచిన ఏడు వీధికుక్కలకు, అవి ఉన్నచోటనే రేబిస్ టీకాలు వేయించుట గురించి.

నేను హార్బరు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమస్తాను. మా పడవల సంఘం తరఫున డీజిలు రాయితీకీ, లైసెన్సులకీ అర్జీలు వ్రాసేది నేనే. కుక్కల గురించి వ్రాయుట మాత్రం ఇదే మొదలు. తప్పులున్న మన్నించవలెను.

1. గత వారం ఒక ఉదయం మా అమ్మ చిలకమ్మ ఇంటి ముందు చేపలు కోయుచుండగా, మా వీధిది కాని నల్లకుక్క ఒకటి చొంగ కార్చుకుంటూ ఇసుక మీదుగా వచ్చినది. ముందుగా మా వీధి కుక్కల మీద పడినది. పిదప మా అమ్మను పిక్క మీద కరిచినది. పక్కింటి మోహన్ కూతురు యశస్విని బడికి బయలుదేరి గుమ్మం దిగగా ఆ పిల్లను మోచేతి దగ్గర కరిచినది. మోహన్ నాకు మేనమామ కొడుకు. అతనిదీ నాదీ ఒకటే పడవ, వలలు కూడా ఉమ్మడివే. జనం పోగై తెడ్లతో కొట్టి ఆ కుక్కను చంపినారు. పరీక్షకు పంపవలెనని ఎవరికీ తోచకముందే ఇసుకలో పూడ్చినారు. అమ్మకూ పిల్లకూ పెద్దాసుపత్రిలో ఆ పూటే సూదులు మొదలుపెట్టినారు, పడుతున్నవి.

2. చచ్చిన నల్లకుక్క మా వీధి కుక్కల్లో వేటిని కరిచినదో చూసినవారు లేరు. ఆ సాయంత్రం వీధివారంతా కూర్చుని, చేప పేగుల్లో విషం కలిపి అన్నిటినీ ఒకేసారి వదిలించుకుందామని తీర్మానించినారు. మోహన్ నా వైపు చూసి, "బావా, రేపటికి ఈదిలో ఒక్క కుక్క కనబడకూడదు. నువ్వు సంఘం మనిసివి, అడ్డం రాకు" అన్నాడు. నేను తల దించుకున్నాను. మాట్లాడినది మా అమ్మే. కాలికి కట్టుతో గోడ పట్టుకుని నిలబడి, "నన్ను కరిసింది ఆ నల్లది. అది సచ్చింది. ఈటినేల సంపుతార్రా? మడిసికి సూది ఉంది, కుక్కకీ సూది ఉంది. ఏసేవోడేడీ?" అన్నది. చీకటి పడకముందే ఆవిడ చేప తలకాయలు చూపించి, పేర్లు పెట్టి పిలిచి, ఏడింటినీ మా వలల కొట్టులోకి రప్పించినది. బయట నుంచి గొళ్లెం పెట్టి, నా చేత తాళం వేయించినది.

3. మరుసటి ఉదయం తమ కార్యాలయమునకు వచ్చితిని. తాము క్యాంపులో ఉన్నారన్నారు. గుణశేఖర్ గారను ఉద్యోగి నా మాట విన్నారు. ఆయన మీద ఫిర్యాదు చేయుట నా ఉద్దేశం కాదు, మంచినీళ్లు కూడా ఇప్పించినారు. జరిగిన సంభాషణ మాత్రం తమకు తెలియవలెను.

"టీకా మందు బండి వీధికుక్కలకే అండీ. ఇంట్లో ఉన్నవాటిని ఓనరే ఆసుపత్రికి తీసుకురావాలి. లైసెన్సు కూడా ఉండాలి."

"అవి నావి కావండి. వీధివే."

"మరి ఎక్కడున్నాయి?"

"మా కొట్టులో."

"తాళం ఎవరిది?"

"నాదే."

"అయితే కుక్కలూ మీవే కదండీ."

పోనీ ఏమి చేయమంటారని అడిగితిని. వదిలివేయండి, మీ వార్డు వంతు వచ్చినప్పుడు బండి వస్తుంది, పట్టుకుని వేస్తారు అన్నారు. వదిలితే ఆ పూటే విషం తిని చస్తాయి. వదలకపోతే అవి వీధికుక్కలు కావు. ఆసుపత్రికి తీసుకుపోదామంటే పిచ్చికుక్క వచ్చిన వీధి అని తెలిసి ఒక్క ఆటోవాడూ ఎక్కించుకొనుట లేదు. అయ్యా, ఈ మూడింటిలో ఏ దారిన నడవవలెనో నాకు తెలియకుండా ఉన్నది.

4. వలలన్నీ ఆ కొట్టులోనే చిక్కుకుపోయినవి. మోహన్ వేటకు పోలేకున్నాడు. పొద్దుట లేచి ఎదురు అరుగు మీద కూర్చుని మా తలుపు వైపే చూస్తాడు. అతను చెడ్డవాడు కాడు. నిన్న దగ్గరకు పోయి కూర్చున్నాను.

"బావా, మన ఈది కుక్కల్ని చంపితే చేప వాసనకి పక్క రేవు కుక్కలొస్తాయి. వాటికి మందు పడిందో లేదో ఎవరికి తెలుసు? మనవాటికి సూదులేయిస్తే బయటివాటిని రానివ్వవు, అవే మనకి గోడ" అన్నాను.

"గోడ కరవదు బావా" అన్నాడు. తమ ఇంటి వైపు చూపించి, "మా యశస్విని గుంట నిద్దట్లో ఉలిక్కిపడి లెగుత్తంది. నీ కొట్లో అయి మొరిగితే నా గోడకి ఇనిపిత్తంది. సెవులు మూసుకోని మంచం కిందకి దూరిపోతంది. దానికేటి సెప్పమంటావు, గోడ అని సెప్పమంటావేటి?" అన్నాడు.

నేను లేచి వచ్చేస్తుంటే, ఆదివారం దాకా చూస్తానని, అప్పటికి బండి రాకపోతే తలుపు పగలగొట్టి వలలు తీసుకుంటానని వెనకనుంచి చెప్పినాడు.

5. నేను ఫ్యాక్టరీకి సెలవు పెట్టినాను. ఎవరైనా కిటికీలోంచి విషం విసురుతారని అమ్మకు భయం, అందుచేత తలుపు దగ్గర ఎవరో ఒకరం ఉండవలసి వస్తున్నది. నా భార్య సుధారాణి, "నువ్వు లెగిస్తే నాను కూకోవాల, నాను లెగిస్తే మీయమ్మ కూకోవాల. లోపలున్నయి కుక్కలా మనమా?" అన్నది. కోపంతో అనలేదు. నాకూ అదే అనుమానంగా ఉన్నది. ఏ పక్కవారూ మాతో మాట్లాడుట లేదు. నీళ్ల కుళాయి దగ్గర సుధారాణి వస్తే తక్కిన ఆడవాళ్లు బిందెలు తీసి పక్కకు జరుగుచున్నారు.

కావున తమరు దయతలచి, కుక్కలను పట్టే మనుషులతో సహా మందు బండిని ఆదివారం లోపల మా వీధికి పంపవలెను. గాయాలున్న కుక్కలను వేరు చేసి, తమ కేంద్రంలో ఉంచి కనిపెట్టవలెను. తక్కినవాటికి టీకాలు వేసి, మా వీధివారి కళ్ల ముందే వదలవలెను. మా రేవుతో ఆపక, చుట్టుపక్కల రేవులలోని కుక్కలకు కూడా వేయించవలెను. లేనిచో ఇంకో నల్లకుక్క ఇసుక మీదుగా నడిచి రావడానికి ఎంతోసేపు పట్టదు. అవి నా కుక్కలని రాసుకుంటేనే బండి కదులుతుందంటే అలాగే రాసుకోండి, సంతకం పెడతాను. వీధివని రాసుకుంటేనే కదులుతుందంటే అదీ నిజమే.

ఇంతవరకు చిత్తగించి బండి పంపుదురని నమ్మి, తలుపుకు కాపలా ఉన్న,

తమ విధేయుడు,
సూరాడ దేవీప్రసాద్

తా.క.: అయ్యా, పైదంతా నిన్న రాశాను. ఈ పొద్దున నీళ్ల బకెట్టు లోపలికి తోస్తుంటే ఒక కుక్క నా ఎడమచేతి వేళ్లు కరిచింది. కుళాయి కింద సబ్బుతో చాలాసేపు కడిగాను. సుధారాణి చూసింది. "ఏ కుక్క?" అని అడిగింది. చూడలేదన్నాను. చూశాను. సుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది, అందుకని మా అమ్మ ఆ పేరు పెట్టింది. దాని మెడ మీద మానని పంటిగాటు ఉంది. నేను పొరపాటున దాని కాలు తొక్కాను. అందుకే కరిచిందో, మరెందుకు కరిచిందో నాకు తెలియదు.

పెద్దాసుపత్రిలో మా వీధివాళ్లుంటారని రేవుకు దూరంగా ఉన్న సీతమ్మధార పోయి ఒక క్లినిక్కులో సూదులు వేయించుకున్నాను. కట్టు చూసి మోహన్ ఏమిటని అడిగాడు. ఫ్యాక్టరీకి వెళ్తే ఐసు కోసిందన్నాను. "సూసుకో బావా" అన్నాడు. అతను అంత మెత్తగా మాట్లాడి చాలా రోజులైంది. నిజం చెబితే ఆదివారం దాకా కూడా ఆగడు. అతని చోట నేనుంటే నేనూ ఆగను.

అమ్మకు మాత్రం చెప్పాను. ఏడవలేదు. "నాకెలాగా సూదులు పడతన్నాయి కదేటి. సాయంత్రం నుంచి నీల్లు నాను పెట్టెత్తాను. నువ్వు లోపలికెల్లకు" అని బకెట్టు తీసి పక్కన పెట్టుకుంది. నాకూ సూది పడిందమ్మా అన్నాను. ఆ మాటకి ఇద్దరం నవ్వాం. ఎందుకు నవ్వామో తెలియదు. లోపల సుక్క పొద్దుటినుంచి మొరగడం లేదు. నీళ్లు తాగిందో లేదో కిటికీలోంచి కనబడడం లేదు. ఎవరో ఒకరం లోపలికి వెళ్లి చూడాలి. బండి ఆదివారం దాకా వద్దండి, రేపే పంపండి.