ఆటల డబ్బ నేను పట్కపోతున్న

గట్ల కాదు కోడలా, ఈసారి నీ కొడుకు రాకేషును ఎనకేసుకరాకు. పక్కింటి పిల్ల హరితతోని ఈ చీటి రాపిచ్చి హాలియా బస్సుకు పోతున్న. బర్రెకు కుడితి పెట్టు.

వాడు పట్నంల పాత వీడియో గేముల డబ్బ కొన్నడు. దాంట్ల ఆటలు ఆడనే ఆడడంట, సీడీలు ఏసి పాటలు వింటడంట. సప్పుడు మంచిగ రావాల్నని మా భజన ఆంప్లిఫైరు ఇప్పి, మైకు వైరు గుచ్చే సాకెట్లు ఊడబీకి దానికి అతికిచ్చుకున్నడు. నన్ను ఒక్క మాట అడగలే.

ఇయ్యాల మాపటికే మా చిరుతల రామాయణం నాటకం. మైకు లేకుంటె నా దశరథుని ఏషంల ఏడుపు ముందల చాప కూడ దాటది.

అందుకే వాని డబ్బ, మా ఆంప్లిఫైరు రెండిట్ని సంచిల ఏసుకున్న. హాలియా మెకానిక్‌తోని నా సాకెట్లు నాకు తీపిస్త. వాని డబ్బ పలిగితె పలగనీ.

వాడు కాలేజీ నుంచి వచ్చినంక గిది చదివి ఇనిపియ్యి. తల్లివని మెత్తగ చదవకు, నేను తిట్టినట్టే చదువు. అన్నం తిన్నంకనే చదువు, ముందు చదివితె కోపానికి పస్తుంటడు.