అమ్మ పక్కన ఖాళీ

అన్నా,

మొన్న మేడ్చల్‌లో నా కూతురి నిశ్చితార్థం బాగానే జరిగింది. తుర్కపల్లికి తిరిగి వస్తూ శామీర్‌పేట చెరువు కట్ట మీద ఆగాం. ఏ వేడుక నుంచి వస్తున్నా అక్కడ కారు ఆపించి, అందరినీ నిలబెట్టి ఫోటో తీసేవాడివి కదా.

నువ్వు పోయాక మొదటిసారి నీ కెమెరా బయటికి తీసింది నీ కూతురు సంధ్య. స్టాండు మీద పెట్టి, టైమర్ నొక్కి, వచ్చి నా పక్కన నిలబడింది. అమ్మ పక్కన మాత్రం ఖాళీ మిగిలింది. టైమర్ నొక్కి నువ్వు ఉరికొచ్చి దూరే చోటు అది. ఎవరూ అనుకుని వదల్లేదు.

"జర దగ్గరికి జరుగు అవ్వా," అంది సంధ్య.

"ఆగు బిడ్డా, మీ నాయిన ఉరికొస్తుండు."

అమ్మకు మతిమరుపేం లేదు. సంవత్సరీకం నాడు నీ పటానికి దండ వేసింది ఆమే. కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆయాసపడుతూ వచ్చి నిలబడేవాడివి, ప్రతి ఫోటోలోనూ కళ్లు మూసుకునే ఉండేవాడివి. నా పెళ్లి ఫోటోలోనూ అంతే. ఆ కోపం నాకింకా పోలేదు.

ఈ రోజు సంధ్య ఆ ఫోటో ప్రింటు తీయించి తెచ్చింది. అందులో మేమంతా కెమెరాను వదిలేసి ఆ ఖాళీ వైపే చూస్తున్నాం. అమ్మ దాన్ని కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మా పెద్దోడు ఫోటోల మంచిగ వడ్డడు," అంది. "గీసారి కండ్లు మూస్కోలే."

నేను ఆమె చేతిలోంచి ఫోటో తీసుకుని మళ్లీ చూశాను.