తలకు పెట్టిన నూనె

గురువారం, రాత్రి

రెండు షిఫ్టులు వరసగా చేసి మా ఆయన మిల్లులో మిషను దగ్గర కునుకు తీస్తే, అది మూర్ఛరోగమని మిల్లు ఆఫీసరు పట్టుపట్టాడు. ఇరవై ఏళ్ళు ఆయన నిద్ర తిన్న మిల్లుకు ఇప్పుడు రుజువు కావాలట!

ఈరోజు ఆసుపత్రిలో తలకు తీగలు అతికించి పడుకోబెట్టారు. నిద్రలో మెదడు ఆగదట. దాని కణాలన్నీ ఒకే లయకు వస్తే, వాటి కరెంటును ఆ తీగల మిషను పెన్నులు కాగితం మీద పెద్ద పెద్ద అలలుగా, నిదానంగా గీస్తాయట. ఆయనకు వచ్చినవి పిచ్చిగీతలు.

"తలకు నూనె పెట్టితిరా అమ్మా? తీగలు జారుతుండాయి," అన్నాడు మిషనతను.

"బాగా నిద్రపోవాలంటిరి గదా సార్! నిన్న బుధవారం, మగవాళ్ళు తలకు నూనె పెట్టుకునే దినం, అందుకే పెట్టితిని."

తలంటుకుని మళ్ళీ రమ్మన్నాడు. మా వెంట వచ్చిన ఆఫీసరు ఆగితేగా! "రుజువుకు ఇదే చాలు" అని ఆ కాగితాన్నే మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం మిల్లు గేటు దగ్గరే, ఇక పని లేదని ఆయనను వెనక్కి పంపేశారు.

నన్ను తిట్టినా బాగుండేది. "రేపు పొద్దున షిఫ్టుకు మిల్లు సైరను సంగు కూస్తే లేపొద్దు పుళ్ళా" అని మాత్రం, ఎప్పటిలా ముద్దుగా పిలిచి చెప్పి పడుకున్నారు.

గాఢంగా నిద్రపోతున్నారు. ఆ అలలు ఇప్పుడు చక్కగా వస్తూ ఉంటాయి. గీయడానికి పెన్నులు లేవు. దిండు మీద నేను పెట్టిన నూనె మరక ఉంది.