అల్లం టీ మరిగేలోపు

శనివారం రాత్రి, పుత్తూరు

ఈ రాత్రి నేను మహా పరిశోధకుణ్ణి. ఫోన్ వాడకానికీ పిల్లల దిగులుకూ సంబంధం వెతుకుతూ ఇల్లిల్లూ తిరిగితే, ఇంతకాలం పిల్లల జవాబులన్నీ తల్లులే చెప్పారు. ఈరోజూ పదో తరగతి షబానాను అడిగితే వాళ్లమ్మే అందుకుంది: "దిగులేముండాదప్పా, ఆ ఫోను పెరుక్కుంటే సరిపోతుంది."

"అక్కా, అల్లం దంచి టీ పెడతారా? బాగా మరగాల," అన్నాను గంభీరంగా. ఇంటికొచ్చినవాడు నోరు తెరిచి అడిగాక ఏ తల్లి కదలదు?

ఆమె వెళ్లగానే షబానా మెల్లగా అంది: "మా క్లాసు స్నేహితులు వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేసినారన్నా. మళ్లా చేర్చినారేమోనని సూస్తా ఉంటా."

టీతో వచ్చిన తల్లికి ఆ మాట షబానాయే చెప్పింది. ఆమె కూతుర్ని దగ్గరకు తీసుకుని, "ముందే సెప్పకూడదా బిడ్డా," అంది. ఫోను పెరుక్కోలేదు.

జయం నాదే. కానీ సోమవారం బళ్లో షబానా పక్కన ఎవరు కూర్చుంటారో...