చుక్కల వరకు

జూన్ 3
మా రోడ్ల శాఖకు కొత్త అధికారం వచ్చింది. రద్దీని బట్టి వంతెన టోల్‌ను తాత్కాలికంగా పెంచవచ్చు, తగ్గించవచ్చు. తగ్గించే ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను తొమ్మిదేళ్ళుగా ఇక్కడ టెంపరరీ టైపిస్టుని. తాత్కాలికం అన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది.

జూన్ 5, సాయంత్రం
ఆర్డర్ టైప్ చేశాను. వంతెన మీద టోల్ రెట్టింపు. ఎప్పటి వరకు అంటే ఇంజనీరు ఒక తేదీ అన్నాడు, డైరెక్టరు ఇంకో తేదీ అన్నాడు. తెమల్లేదు. ఇప్పటికి చుక్కలు పెట్టెయ్యమ్మా, తర్వాత నింపుదాం అన్నాడు సూపరింటెండెంటు. పెట్టాను. మా ఆఫీసులో ఎప్పుడూ అంతే.

జూన్ 8
నింపలేదు. చుక్కలతోనే సంతకమైంది, చుక్కలతోనే అచ్చయింది. టోల్ గేటు దగ్గర బోర్డు కూడా పెట్టేశారు. "ఈ పెంపు ………… వరకు అమలులో ఉండును." పెయింటర్ ఎంత ఓపిగ్గా వేశాడో ఆ చుక్కలు.

జూన్ 9
అక్క ఫోన్ చేసింది. అక్కది స్కూల్ వ్యాన్, తనే నడుపుతుంది. పిల్లలు ఇవతల, బడి అవతల. రోజూ వంతెన దాటక తప్పదు. మీవాళ్ళు జనానికి చుక్కలు చూపిస్తారని తెలుసుగానీ, బోర్డు కట్టి మరీ చూపిస్తారనుకోలేదే అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది.

జూన్ 20
ఆ చుక్కల్లో తేదీ ఎప్పుడు నింపుతారని సూపరింటెండెంటును అడిగాను. మనకిచ్చిన అధికారం టోల్ మార్చడానికేనమ్మా, అచ్చయిన ఆర్డర్ మార్చడానికి కాదు అన్నాడు. పైకి రాయాలట. రాశాం. మా దగ్గర పైకెళ్ళిన ఫైలు కిందికి దిగగా నేను చూడలేదు.

జూలై 14
అక్క ఛార్జీ పెంచింది, గత్యంతరం లేక. తల్లిదండ్రులు ఒక్కొక్కరే వ్యాన్ మాన్పించేస్తున్నారు. సగం సీట్లు ఖాళీ. అమ్మెయ్యవే అన్నాను. మీ బావ పోయాక నన్ను నిలబెట్టింది ఆ స్టీరింగేనే, నీకు తెలీదా అంది. తెలుసు.

ఆగస్టు 2
వంతెన బోసిగా ఉంది. ఇక ఉండబట్టలేక డైరెక్టరునే అడిగాను, రద్దీ పోయింది కదా సార్, టోల్ తగ్గించరా అని. టోల్ వల్లేగా పోయింది, తగ్గిస్తే మళ్ళీ వస్తుంది అన్నాడు. కోప్పడలేదు కూడా. టీ తాగావా అని అడిగాడు.

ఆగస్టు 19
వ్యాన్ అమ్మేసింది. కొన్నాయనది అవతలి ఒడ్డు. అప్పగించడానికి వంతెన దాటాలి. టోల్ కట్టి దాటింది.

ఆగస్టు 19, సాయంత్రం
నడిచి వచ్చింది. నడిచేవాళ్ళకు టోల్ లేదు, ………… వరకు