చిన్నాయన చెప్పినా నేను రాయని మాట

జూన్, ఆదివారం

రేపు గుంతకల్లులో, పోలీసుల మీద విచారణకొచ్చిన ఢిల్లీ కమిటీ ముందు చిన్నాయన వాంగ్మూలం. జైలుకు పంపేముందు పోలీస్ స్టేషన్లో తనను ఏమేం చేశారో, విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ చెప్పాడు. నేను ఇంగ్లీషులో రాసి, మళ్లీ తెలుగులో చదివి వినిపించాను.

ఒలిచే చెయ్యి ఆగింది. "గుడ్డలూడదీసి నిలబెట్టినారని చెప్తి గదమ్మా. అది యాడ పోయినాది?"

దానికి బదులు 'అవమానించారు' అని మాత్రమే రాశాను.

"సిగ్గయింది చిన్నాయనా."

"నాకూ అయింది. అయినా చెప్పలా? రాయి."

రాశాను. సంతకం పెట్టి, "రేపు నువ్వే సదవల్ల. గట్టిగా సదువు," అన్నాడు.

స్కూల్లో ప్రార్థన చదివిస్తేనే వెనక వరసకు వినబడేది కాదు నా గొంతు. ఇప్పుడు తలుపేసుకుని మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి నా గొంతు నాకే వినబడలేదు.